సగం అందించిన మాట

మా బావ తన బతుకంతా ఇంకొకళ్ళ నోట్లో మాటలు పెట్టి గడిపాడు. ఇది నింద కాదు, ఆయన ఉద్యోగం. నాటకశాలలో తెర పక్కన, ప్రేక్షకులకి కనపడని మూలలో పొట్టి స్టూలు వేసుకుని, ఒళ్ళో నాటకం ప్రతి, చేతిలో చిన్న టార్చిలైటు పెట్టుకుని కూర్చునేవాడు. వేషం కట్టినవాడు మాట మరిచిపోయి గుటకలు మింగుతుంటే ఆ మాట అందించేవాడు. దానికి ప్రాంప్టర్ అని గౌరవమైన పేరుంది. కంపెనీలో మాత్రం అందరికీ ఆయన 'అందింపు'. మా అక్క మొగుడు కనక నాకు అందింపు బావ.

ఆయన గుసగుస గురించి చెబితే మా మనవలు నవ్వుతారు. వేదిక మీద ఎంతమంది నిలబడి ఉన్నా, మరిచిపోయినవాడి చెవిలోకే అది దూరేది. పక్కవాడికి గాలి కూడా తగిలేది కాదు. ఒకసారి ముందు వరసలో ఒక పెద్దమనిషి, పక్కనున్న భార్య ఏదో అడిగితే నీళ్ళు నములుతున్నాడట. బావ తెర చాటు నుంచే ఆయనకి 'నీకన్నా అందగత్తె ఎక్కడుంది' అని అందించాడట. నాటకం అయ్యేదాకా ఆ దంపతులు చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఇది నేను కళ్ళారా చూశాను. చూడకపోయినా, చూసినంత గట్టిగా చెప్పగలను.

ఆ పనిలో ఆయనకో పద్ధతి ఉంది. వాక్యం మొత్తం అందించడు. మొదటి ముక్క పడేస్తాడంతే. "మిగతాది వాడి నోట్లోనే ఉంటుందిరా. మనం తలుపు తట్టాలి గానీ, ఇంట్లోకి పోయి కూర్చోకూడదు," అనేవాడు.

ఈ పద్ధతి ఒక్కసారే ఆయన్ని ముంచింది. కంపెనీలో రాజు వేషాలన్నీ ఒకాయనే వేసేవాడు. వేషం కడిగేశాక కూడా నడక మారేది కాదు కాబట్టి వీధిలో కూడా ఆయన మహారాజే. ఒక నాటకంలో చివరి రంగంలో రాజు విషం తాగి, 'ఇక సెలవు' అని కూలిపోవాలి. మహారాజు గ్లాసెత్తి గడగడా తాగేశాడు. తాగి, అలాగే నిలబడ్డాడు. మాట రాలేదు. రాణి ఏడవడానికి సిద్ధం, సైనికులు మోయడానికి సిద్ధం, రాజు మాత్రం చావడు. బావ మూల నుంచి 'ఇక...' అని అందించాడు. మహారాజు కళ్ళు వెలిగాయి.

"ఇక... ఇంకో గ్లాసు పట్రండి!"

హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఆ రోజు గ్లాసులో ఏం పోశారో నాకు తెలుసు గానీ చెప్పను. తెర దిగాక మహారాజు కిరీటంతోనే బావ మీదికొచ్చాడు.

"తప్పు మాట అందించావ్!"

"నేనందించింది రెండక్షరాలు. మిగతాది నీదే," అన్నాడు బావ.

అక్కడ అలా అన్నాడే గానీ ఇంటికొచ్చి భోజనం ముట్టలేదు. "వేదిక మీదున్నవాడికి నేనే దిక్కురా," అన్నాడు నాతో. "నేనేమంటే అదే అనేస్తాడు, అర్థం కూడా చూసుకోడు. అంత నమ్మినవాణ్ణి నట్టేట్లో వదిలేస్తే హత్య చేసినట్టే." అప్పట్నుంచి మహారాజుకి మాత్రం వాక్యం మొత్తం, తోకతో సహా అందించేవాడు.

అక్క పక్కనే కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతూ ఇదంతా విన్నది. ఆవిడ విన్నది ఏదీ మరిచిపోదు.

అలాంటి మనిషికి ఊపిరి చాలకుండా పోయింది. మొదట గుసగుస మధ్యలో తెగడం మొదలైంది. తరవాత స్టూలు మీద కూర్చున్నచోటే ఆయాసం. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, ఈ గుండె ఇక లాగలేదు, దొరికితే ఇంకొకరి గుండె పెట్టాలి అన్నారు. బావ ఆ డాక్టరుని కింద నుంచి పైదాకా చూశాడు.

"గుండెలు తీసిన బంటు అంటే వినడమేరా, ఇవాళ చూశాను," అని నా చెవిలో గుసగుసలాడాడు.

డాక్టరు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఆయనకి వినపడింది. బావ గుసగుస గురి తప్పడం నేను చూడటం అదే మొదలు. జబ్బు ఎంత ముదిరిందో నాకు అప్పుడర్థమైంది.

గుండె పెట్టే ముందు, మనసు గురించి కొన్ని ప్రశ్నలడగాలని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. ప్రశ్నలడిగే అమ్మాయి మర్యాదస్తురాలు. ఒళ్ళంతా పరీక్ష చేశాక ఇంకా ఇదెందుకమ్మా అని నేనడిగితే విసుక్కోకుండా చెప్పింది.

"కొత్త గుండె పెట్టించుకున్నవాళ్ళకి దిగులు పట్టుకోవడం మామూలే అంకుల్. దిగులు ముదిరితే మాత్రల మీద ధ్యాస ఉండదు. మాత్రలు ఆపేస్తే ఒళ్ళు ఆ గుండెని పరాయిదని పసిగట్టి పాడుచేసేస్తుంది. అందుకే ముందూ అడుగుతాం, తరవాత కూడా అడుగుతూనే ఉంటాం. దిగులుంటే దానికి మందుంది, మాట్లాడటానికి మేమున్నాం. చెప్పకపోతేనే ప్రమాదం."

గదిలో మాట అది. బయట వరండాలో బెంచీల మీద కూర్చున్న రోగుల ఇంటివాళ్ళది వేరే వైద్యం. "దిగులుందని చెప్పారంటే వరసలో వెనక్కి నెట్టేస్తారండీ," అంది ఒకావిడ. "మా ఆయన నవ్వుతూ కూర్చున్నాడు, తొందరగా దొరికింది," అంది ఇంకొకావిడ. అది నిజమో కాదో వాళ్ళలో ఎవరికీ తెలీదు. అక్క మాత్రం నమ్మేసింది.

అప్పటికి బావకి నాలుగు మాటలు వరసగా పలికే ఊపిరి లేదు. సాయంగా ఉంటానని అక్క ఆయన కుర్చీ వెనకే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"దిగులుగా ఉంటోందా అంకుల్?"

'లేదు' అని వెనక నుంచి గుసగుస. "లేదు," అన్నాడు బావ.

"నిద్ర పడుతోందా?"

'హాయిగా.' "హాయిగా."

బయటికొచ్చాక బావ ఆయాసపడుతూనే నవ్వాడు. "ఎవరు నేర్పారే నీకీ విద్య?"

"పక్కన పడుకుని ఇన్నేళ్ళు విన్నాను. మీరు నిద్రలో కూడా అందించేవారుగా."

గుండె దొరికింది. ఎవరిదో వాళ్ళు చెప్పరు, మనం అడగకూడదు. బావ లేచాడు, నడిచాడు, మెట్లెక్కాడు, మొహానికి రంగొచ్చింది. ఒక్కటే తేడా. తలుపు ధడేలున పడితే మనిషి ఉలిక్కిపడేవాడు గానీ గుండె ఉలిక్కిపడేది కాదు. మేమంతా ఆ సంగతి మరిచిపోయి టీ తాగుతుంటే అప్పుడు మొదలయ్యేది దానికి దడదడ. పెట్టిన గుండెకి నరాలు తెగి ఉంటాయి కాబట్టి, కబురు రక్తంలో ఈదుకుంటూ ఆలస్యంగా చేరుతుందని డాక్టరు చెప్పాడు.

"చూశావట్రా బావమరిదీ, ఏరికోరి అందింపువాడికి పెట్టిన గుండెకే మాట ఆలస్యంగా అందుతోంది," అన్నాడు బావ.

అందరం నవ్వాం. ఆయన నవ్వించడానికి వేసిన జోకుల్లో అదే చివరిది. ఆ తరవాత వేసినవన్నీ తప్పించుకోవడానికి వేసినవే.

బావ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే మహారాజు చూడ్డానికొచ్చాడు. పూలగుచ్ఛం గుమ్మం దగ్గరే నర్సు లాగేసుకుంది, ఈ రోగుల దగ్గర పచ్చి పువ్వులు ఉండకూడదట. అయినా తగ్గలేదు. దూరంగా నిలబడి రెండు చేతులూ చాపి, "నువ్వు లేకపోతే నేను మూగవాణ్ణిరా అందింపూ! నీ స్టూలు మీద ఇంకొకణ్ణి కూర్చోనిస్తానా!" అన్నాడు. ఒక్కచోట కూడా తడబడలేదు. ఎవరూ అందించకుండా ఆయన అంత పెద్ద వాక్యం చెప్పడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

బావ ఆ మాట పట్టుకునే కోలుకున్నాడు. మాస్కు పెట్టుకుని బయటికి వెళ్ళొచ్చని డాక్టరు అన్న మొదటి వారమే నన్ను వెంటబెట్టుకుని నాటకశాలకి వెళ్ళాడు. మేం చెప్పకుండా వెళ్ళాం. మూల ఖాళీగా ఉంది. స్టూలు లేదు. మహారాజు మాట తప్పలేదు, బావ చోట ఎవణ్ణీ కూర్చోబెట్టలేదు. చెవిలో గింజంత యంత్రం పెట్టుకున్నాడు. ఎక్కడో గదిలో ఎవరో మైకులో చదువుతుంటే ఇక్కడ ఆయన ఉరుముతున్నాడు. చివరి రంగంలో విషం తాగి, తడుముకోకుండా 'ఇక సెలవు' అని చచ్చాడు. చప్పట్లు మోగిపోయాయి.

స్టూలు కింద ఉండే టార్చిలైటుని ఎవరో సామాన్ల గదిలో చీపుళ్ళ పక్కన పడేశారు. బావ దాన్ని వెతికి తీసి, చొక్కాకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "పోదాం పద," అన్నాడు. బస్సు సగం దారి వచ్చాక గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమైంది బావా?"

"ఇప్పుడందిందిరా దీనికి."

అప్పట్నుంచి ఆయన ఇంట్లోనే ఉన్నాడు గానీ ఇంట్లో లేడు. ఇదివరకు టీవీలో సీరియల్ వస్తుంటే, ఏడ్చేవాళ్ళ కంటే ముందే వాళ్ళ మాట అనేసి అక్కని విసిగించేవాడు. ఇప్పుడు దాని ముందు కూర్చునేవాడే గానీ పెదవి కదిపేవాడు కాదు. గడ్డం పెరిగింది. మంచం గోడ వైపుకి జరుపుకున్నాడు. టార్చి దిండు పక్కనే ఉండేది.

అక్కకి మాత్రల భయం ఒక్కటే.

"వేసుకున్నారా?"

"వేసుకున్నానే."

"గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి."

ఆయన అరచెయ్యి ఛాతీకి ఆనించి, "వేసుకున్నాను. అయినా ఎవరి గుండె మీదో చెయ్యేయించి నాతో చెప్పిస్తున్నావు, ఆ ఒట్టు నాకు తగలదు సుమా," అనేవాడు. అక్క నవ్వేది. ఇంట్లో ఇంకా ఒక జోకు మిగిలి ఉందని సంతోషం.

ఆసుపత్రిలో పరీక్షకి వెళ్ళినప్పుడల్లా అదే గది, అవే ప్రశ్నలు. ఊపిరి వచ్చేసినా వెనక కుర్చీని ఎవరూ తియ్యలేదు. వరండా బెంచీల మీద ఇప్పుడు కొత్త భయం. దిగులుందంటే ఇంకో గుప్పెడు మాత్రలు రాస్తారు, పిచ్చి అని ముద్ర వేస్తారు అని. అక్క 'లేదు' అనేది, బావ "లేదు" అనేవాడు. ఆయనకి ఆ జవాబులు వినే అవసరం కూడా లేదు. ఇన్నేళ్ళు వేషగాళ్ళు ఆయన్ని నమ్మినట్టే ఆయన అక్కని నమ్మాడు. చెవి వెనక్కి, నోరు ముందుకి.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున, అక్క కళ్ళజోడు మంచం కిందకి జారింది. వెతకడానికి ఆవిడ ఆ టార్చి తీసి మీట నొక్కింది. వెలగలేదు. ఊపితే గలగలమంది. వెనక మూత విప్పింది.

బావ స్నానానికి వెళ్ళగానే టార్చి తీసుకుని పక్క వీధిలో ఉన్న మా ఇంటికి వచ్చింది. బల్ల మీద బోర్లించింది. బ్యాటరీలు ఉండాల్సినచోట నుంచి మాత్రలు రాలాయి, తెల్లవీ పసుపువీ, కొన్ని తడిసి ఒకదానికొకటి అంటుకున్నవీ.

"గుండె మీద చెయ్యేసి చెప్పాడ్రా నాకు. రోజూ చెప్పాడు."

"ఎవరి గుండె అని కూడా చెప్పాడుగా," అన్నాను. నోరు జారింది.

"అదేరా! జోకనుకుని నవ్వాను. చెప్పి మరీ మోసం చేశాడు. నేను నవ్వుతుంటే చూస్తూ ఎలా ఉన్నాడ్రా ఆ మనిషి?"

"పద, డాక్టరుకి చెప్పేద్దాం."

"చెప్తాను. టార్చి సంచీలో పెట్టుకునే వస్తున్నా. కానీ ముందు నేను నోరు తెరిస్తే ఏమవుతుందో తెలుసుగా? 'కింద పడిన మాత్రలు ఏరి దాచానమ్మా, మా ఆవిడకి చాదస్తం' అని ఆ పిల్లని నవ్వించి బయటపడతాడు. మాత్రల సంగతి ఎలాగోలా తేలుతుంది, లోపల ఉన్నది తేలద్దూ? అది ఆయన నోటితోనే రావాలి."

ఎలా వస్తుందో ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు.

గదిలో బావ కుర్చీ, వెనక అక్క కుర్చీ, తలుపు దగ్గర నేను. ప్రశ్నల అమ్మాయి కాగితం తీసింది.

"ఈ మధ్య గుండె బరువెక్కినట్టు ఉంటోందా అంకుల్?"

"దాని బరువు నాకేం తెలుసమ్మా, తూచి పెట్టింది మీరు."

అమ్మాయి నవ్వేసి గీత పెట్టింది. పనుల మీద ఇష్టం? 'ఉంది.' "ఉంది." ఆకలి? 'బాగుంది.' "బాగుంది." అక్క గొంతు ఎప్పటిలాగే ఉంది. నేను తల దించుకుని నా చెప్పులు చూసుకుంటున్నాను.

"చివరిది అంకుల్. ఇలా బతకడం కన్నా పోవడమే నయమని ఎప్పుడైనా అనిపించిందా?"

దీనికి జవాబు ఎప్పుడూ ఒకటే, 'అనిపించలేదు' అని. అక్క అందించేది, బావ అనేవాడు, అమ్మాయి కాగితం మడిచేది.

అక్క ముందుకి వంగింది. "అనిపిం..." అంది. అక్కడ ఆపేసింది.

మన మాటల్లో చిక్కంతా తోకలో ఉంటుంది. అవునో కాదో చివరిదాకా తేలదు. బావ నోరు తెరిచి, తోక కోసం ఆగాడు. రాలేదు. గోడ మీద గడియారం, బయట ఎవరిదో దగ్గు. అక్క రెండు పెదవులూ బిగించి ఆయన మెడ వెనక భాగాన్ని చూస్తోంది. బావ ఎంతటి మౌనాన్నయినా భరిస్తాడు గానీ, సగంలో ఆగిన వాక్యం తరవాత వచ్చే మౌనాన్ని ఆయన జన్మలో భరించలేడు.

"అనిపిం...చింది," అన్నాడు.

అన్నాక తనే విన్నాడు. అమ్మాయి కలం కింద పెట్టింది. కాగితం వదిలి నేరుగా ఆయన కళ్ళలోకి చూసింది. "ఎప్పట్నుంచి అంకుల్?"

బావ వెనక్కి తిరిగాడు. అక్క ఇక ఏమీ అందించలేదు. సంచీలోంచి టార్చి తీసి బల్ల మీద పెట్టింది.

ఆ రోజు ఆయన్ని ఇంటికి పంపలేదు. వార్డులో మంచం ఖాళీ అయ్యేదాకా వరండాలో కూర్చోమన్నారు. బావ మొహం పాలిపోయి ఉంది గానీ ప్రశాంతంగానే కనపడ్డాడు. కాసేపటికి చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. కబురు చేరిందన్నమాట.

"తప్పు మాట అందించావు," అన్నాడు అక్క వైపు చూడకుండా.

"నేనందించింది సగమేనండీ. మిగతాది మీదే."

"నా మాట నాకే అప్పజెప్తున్నావా?"

"ఇంకెవరి మాట చెప్పను? మీ దగ్గర నేర్చుకున్నదే."

"వెన్నుపోటు పొడవడానికి వెనక కుర్చీయే వీలు అని మాత్రం నేను నేర్పలేదు. నేను వేదిక మీద ఉన్నానే! నిన్ను నమ్మి, అర్థం కూడా చూసుకోకుండా నోరు తెరిచాను. మహారాజు చెవిలో యంత్రం పెట్టుకున్నాడు, అది కూడా వాడికి పూర్తి వాక్యం చెప్తుంది."

"నేను మాత్రం అర్థం చూసుకుని నవ్వానా, మీరు గుండె మీద చెయ్యేసినప్పుడల్లా?"

చక్రాల కుర్చీతో నర్సు వచ్చి, "ఎవరండీ, వార్డుకి?" అంది. ఇద్దరూ ఒకరినొకరు చూపించుకునేలా ఉన్నారు.

ఒళ్ళు అప్పటికే ఆ గుండెని అనుమానంగా చూడటం మొదలుపెట్టిందని పరీక్షల్లో తేలింది. ఇంకొన్నాళ్ళు అలాగే సాగి ఉంటే చెయ్యడానికేమీ ఉండేది కాదన్నాడు డాక్టరు. మందులు పెంచారు. దిగులుకి వేరే మాత్ర ఇచ్చారు, మాట్లాడటానికి ఆ అమ్మాయి రోజూ వచ్చింది. గుండె నిలబడింది.

ఇప్పుడు బావ గడ్డం గీసుకుంటున్నాడు. సీరియల్‌లో ఏడ్చేవాళ్ళకి మళ్ళీ మాటలందిస్తున్నాడు. మాత్రలు అక్క ఎదురుగా నిలబడి వేసుకుంటాడు. వేసుకుని నోరు తెరుస్తాడు, నాలుకెత్తి కింద కూడా చూపిస్తాడు. "చూసుకో తల్లీ, నమ్మకం లేనివాళ్ళకి ప్రదర్శన ఉచితం," అంటాడు. అక్క చూస్తుంది. చూడటం మానెయ్యదు.

ప్రశ్నల గదిలోకి ఆయన ఒక్కడే వెళ్తాడు. వెనక కుర్చీని తన చేత్తోనే ఎత్తి వరండాలో గోడ పక్కన పెట్టాడు. అక్క అందులోనే కూర్చుంటుంది. ఒక్కో ప్రశ్నకి చాలాసేపు ఊరుకుంటాడనీ, ఆ పిల్ల కూడా తొందరపెట్టదనీ విన్నాను. బయటికొచ్చాక "ఏం చెప్పారండీ?" అని అక్క అడిగితే, "అందించేవాళ్ళు లేరుగా, నోటికొచ్చింది చెప్పాను," అని ముందు నడుస్తాడు.

మొన్న మా మనవల్ని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. రాజు చావడం మరిచిపోయిన కథ చెప్పమని పిల్లలు బావ చుట్టూ మూగారు. ఆయన లేచి నిలబడి, కిరీటం సర్దుకుని, గ్లాసెత్తి గడగడా తాగాడు. రాణిలా కళ్ళొత్తుకున్నాడు. "రాజు నిలబడ్డాడర్రా, మాట రాదు! అప్పుడు నేను మూల నుంచి..." అన్నాడు.

అక్కడ ఆగిపోయాడు. ఆ రెండక్షరాలు గుర్తుకు రాలేదు. నిజంగానే రాలేదు, ఆయన మొహం నాకు తెలుసు. పిల్లలు అది కూడా కథలో భాగమనుకుని కిసుక్కున నవ్వారు. గుమ్మంలో మడత పెట్టిన బట్టలతో నిలబడిన అక్క పెదవులు విడివడ్డాయి. బావ అటు చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆపాడు.

అందరం ఎదురుచూశాం. చాలాసేపటికి ఆయన చెయ్యి దించాడు.

"నేనేమీ అందించలేదర్రా," అన్నాడు. "వాడే అన్నాడు, ఇంకో గ్లాసు పట్రమ్మని. వాడి నోట్లో ఉన్నదే వాడన్నాడు. అందులో ఎవరి చెయ్యీ లేదు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. అది ఒప్పుకోవడమో, పంతమో నాకు తేలలేదు. లోపలికి వెళ్తే అక్క బీరువాలో బట్టలు సర్దుతోంది.

"విన్నావుగా," అంది వెనక్కి తిరక్కుండా. "కథలోంచి కూడా నా కుర్చీ బయట పెట్టేశాడు."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు.